ఒక కోత, రెండు అంచులు

మా తమ్ముడు కిందటేడు నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నాడు. హైటెక్ సిటీలో ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. జీతం పడుతుంది, ప్రాజెక్టు ఉండదు, పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ కూర్చోవాలి. ఆ నాలుగు నెలల్లో వాడు నిజంగానే ఒక బెంచ్ కొన్నాడు. దాని మీద స్క్రోల్ సా అనే రంపం మిషన్ బిగించాడు. కొండాపూర్‌లో మా ఫ్లాట్ వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన. వాడు మాతోనే ఉంటాడు కాబట్టి రంపప్పొట్టు ఆరేసిన బట్టల మీద పడేదీ, కింది ఫ్లాటాయనకు సంజాయిషీ చెప్పుకునేదీ నేనే.

మా మేనమామది బాలానగర్. సీఐటీడీలో టూల్ అండ్ డై నేర్చుకుని, ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక టూల్‌రూమ్‌లో ప్రెస్ టూల్స్ చేసి రిటైరయ్యాడు. జేబులో పెన్ను లేకపోయినా వెర్నియర్ ఉంటుందని మా అమ్మ అనేది. ఇద్దరిలో చెక్క పజిళ్ళని చేత్తోనే కోయాలనేది ఎవరో, లేజర్‌కి అప్పజెప్పమనేది ఎవరో ఊరికే ఊహిస్తే తలకిందులవుతుంది.

కిందటి ఆదివారం మామయ్య వచ్చేసరికి మా పాప హాల్లో తెలంగాణ పరిచింది. మూడో క్లాసు, జిల్లాలు నేర్చుకుంటోంది. ఏ3 కాగితం మీద మ్యాపు ప్రింటు తీసి, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి అంటించి, సరిహద్దుల వెంట కోసి ఇచ్చాడు తమ్ముడు. 33 ముక్కలు. నేల మీద ఉన్నవి 32.

మామయ్య: రాజధానే పోగొట్టావన్నమాట.

తమ్ముడు: పోలేదు మామయ్యా, ఇక్కడే ఎక్కడో ఉంటుంది. గోరంత ముక్క. హైదరాబాద్ జిల్లా మొత్తం 217 చదరపు కిలోమీటర్లే కదా. ఈ మ్యాపులో ఒక సెంటీమీటరంటే పద్నాలుగున్నర కిలోమీటర్లు. అంటే ముక్క సైజు చదరపు సెంటీమీటరు. భద్రాద్రి కొత్తగూడెం దానికి ముప్ఫై నాలుగు రెట్లు.

మామయ్య: లెక్క బాగుంది. ముక్కేదీ?

పాప సోఫా కింద చూసి వచ్చింది. "తాతా, మనిల్లు కూడా ఆ ముక్కతోనే పోయిందా?" అంది. లేదమ్మా, మనం శేరిలింగంపల్లి మండలం, రంగారెడ్డి జిల్లా, మనిల్లు భద్రంగానే ఉంది అన్నాను. సైబర్ టవర్స్ కూడా రంగారెడ్డిలోనే అంటే నమ్మలేదు. నాకూ పెళ్ళయ్యేదాకా తెలీదు.

మామయ్య: అందుకే చెప్పింది, లేజర్‌లో కోయించమని. రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న తెరిచారు, 78 వేల చదరపు అడుగులు. రుసుము కడితే ఎవరైనా వెళ్ళి పని చేసుకోవచ్చు. నువ్వు రోజూ ఆ పక్కనుంచే ఆఫీసుకు పోతావు. ఫైలు ఒకసారి గీసుకుంటే చాలు. హైదరాబాద్ పోయిందా, ఇంకో హైదరాబాద్ కోయి. పది పోయాయా, పది కోయి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండదు. మా లైనులో కరెక్టంటే అదే. మొదటి ముక్కకీ పదివేలో ముక్కకీ తేడా లేకపోవడం.

తమ్ముడు: మీ లైనులో సరే. బోల్టుకి ఏ నట్టయినా పట్టాలి. పజిల్లో అలా పడితే తప్పు మామయ్యా. ఒక ముక్క తన పక్కదాన్లోనే పట్టాలి, ఇంకెక్కడా పట్టకూడదు.

మామయ్య: పక్కదాన్లో పట్టాలన్నా గీత మీద కోయాలిగా? ఇదిగో చూడు, మంచిర్యాలకీ పెద్దపల్లికీ మధ్య సరిహద్దు గోదావరి. నువ్వు కోసిన చోట గోదావరి మిల్లీమీటరు పక్కకి పోయింది. నీ లెక్కప్రకారం కిలోమీటరున్నర. ఎల్లంపల్లి ప్రాజెక్టుని ఒడ్డున పడేశావు.

తమ్ముడు: పడేశాను. అయినా ముక్కలు ఎలా కూర్చున్నాయో చూడండి. రంపం ఒక్కసారే పోతుంది, రెండంచులూ అప్పుడే పుడతాయి. నా చెయ్యి వణికితే ఆ వణుకు మంచిర్యాలలోనూ ఉంటుంది, పెద్దపల్లిలోనూ ఉంటుంది. ఇక్కడ గుంట పడితే అక్కడ బొడిపె వస్తుంది. గీత తప్పినా జోడీ తప్పదు.

(మామయ్య ఆ రెండు ముక్కలూ తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఆయన ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే అని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆయన అనకుండా ఉండేది ఒక్క నిమిషమే.)

మామయ్య: ఇది మా వైర్‌కట్‌కి పేద చుట్టం. మాదాన్లో మిల్లీమీటరులో నాలుగో వంతు మందం ఇత్తడి తీగ ఉంటుంది. బిగించి లాగి, నిప్పురవ్వలతో ఉక్కును కోస్తుంది. నీ బ్లేడు మందమెంత?

తమ్ముడు: దాదాపు అంతే. కోత వెడల్పు 0.3 దాకా వస్తుంది.

మామయ్య: అయితే నీ మ్యాపులో ప్రతి సరిహద్దు వెంటా నాలుగు వందల ముప్ఫై మీటర్ల భూమి పొట్టయిపోయింది. కబ్జాదారులు కూడా అంత ధైర్యం చెయ్యరు.

ఇక్కడ నేనూ నవ్వాను, తమ్ముడు కూడా. అసలు ఈ పజిళ్ళు పుట్టిందే మ్యాపుల్లోంచి. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ప్రింట్లు చెక్కే ఆయన, మ్యాపును మహోగని పలకకి అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకి భూగోళం నేర్పడానికని అమ్మాడు. జిగ్‌సా అనే పేరు రావడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది. అప్పటి ముక్కలకి ఇప్పటిలా బొడిపెలూ గుంటలూ ఉండేవి కావు. పక్కపక్కన పెట్టడమే, తట్టు తగిలితే జరిగిపోయేవి. మా పాప తెలంగాణా అంతే. నిర్మల్‌ని మోచేత్తో తోస్తే ఆదిలాబాద్ దాకా కదులుతుంది.

మామయ్య: కోత వెడల్పు లేజర్‌కీ ఉంటుంది, అబద్ధమెందుకు. కాకపోతే ఫైల్లో గీతను అందులో సగం బయటికి జరిపితే ముక్క ఆ మేరకు పెద్దదవుతుంది, సందు ఉండదు. నీ రంపాన్ని అలా జరపగలవా?

తమ్ముడు: జరపక్కర్లేదు. అలా పెంచి కోయాలంటే పక్కపక్క ముక్కలు రెండూ ఒకే పలకలోంచి రావు కదా? ఈ ముక్క పెరిగిన మేర ఆ ముక్కలోంచి తినాలి.

మామయ్య: రెండు ప్రింట్లు తియ్యి. సగం జిల్లాలు ఒకదాన్లోంచి, సగం ఇంకోదాన్లోంచి.

తమ్ముడు: రెండు పలకలు, రెండు ప్రింట్లు, సగం చెక్క చెత్తబుట్టకి. దేనికి? 0.3 సందు కోసమా? ఆ సందే లేకపోతే పాప ముక్కని ఎలా తీస్తుంది? మీ పంచ్‌కీ డైకీ మధ్య క్లియరెన్స్ వదలరా?

మామయ్య: వదులుతాం. ఎంత వదలాలో లెక్కేసి వదులుతాం. నువ్వు వదల్లేదు, నీ బ్లేడు వదిలింది. ఆ సందుల్లో కొండపల్లి బొమ్మలవాళ్ళలా చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కు పెట్టుకో.

తమ్ముడు: మక్కు పెడితే బొమ్మవుతుంది, పజిల్ అవదు. కొండపల్లి ఏనుక్కి తొండం ఊడకూడదు. పజిల్ ముక్క ఊడి రావాలి. అదే దాని పని.

ఇంకా వినండి మామయ్యా. లేజర్ కోసిన అంచు నల్లగా మాడుతుంది. తుడిచినా వేళ్ళకి మసి. పైగా మన దగ్గర దొరికే ప్లైవుడ్ సంగతి మీకు తెలుసు. పైన నున్నగా ఉంటుంది, లోపల పొరల మధ్య గ్యాపులు, ఎక్కడో ఒక ముడి, జిగురు గడ్డ. నీళ్ళకి తట్టుకునే రకం అయితే దాని జిగురే లేజర్‌కి లొంగదు, బొగ్గవుతుంది. అక్కడ కోత కిందికి దిగదు. రంపానికైతే ముడి వచ్చిందని వేలికి ముందే తెలుస్తుంది. చప్పుడు మారుతుంది. నెమ్మదిస్తాను.

మామయ్య: అది చెక్క తప్పు, లేజర్ తప్పు కాదు. మంచి చెక్క కొను.

ఆ మాట నిజమే. ఈ తగువు కొండాపూర్‌ది మాత్రమే కాదు. అమెరికాలో వెర్మాంట్‌లో 1974లో మొదలైన స్టేవ్ కంపెనీ ఇప్పటికీ మనుషుల్ని కూర్చోబెట్టి స్క్రోల్ సా మీదే కోయిస్తుంది. ఒక్కో పజిల్ ధర వింటే మన దగ్గర సెకండ్‌హ్యాండ్ స్కూటర్లు గుర్తొస్తాయి. కొలరాడోలో 2005లో పెట్టిన లిబర్టీ లేజర్‌తో కోస్తుంది. చాలా తక్కువకే ఇస్తుంది, ముక్కలు మెత్తగా పడతాయి, కొన్నవాళ్ళు సంతోషంగానే ఉన్నారు. 1930ల మాంద్యంలో ఉద్యోగాలు పోయిన వడ్రంగులూ ఆర్కిటెక్టులూ ఇళ్ళల్లో కూర్చుని పజిళ్ళు కోసి అద్దెకిచ్చుకున్నారట. ఇది తమ్ముడు బెంచ్ మీద ఉన్న రోజుల్లో నాకు పదిసార్లు చెప్పాడు. ఆ పదిసార్లూ ఎందుకు చెబుతున్నాడో నాకు తెలిసే విన్నాను.

మామయ్య: సరే, గీత మీద కోయనక్కర్లేదంటావు. సందు ఉంటే మంచిదంటావు. ఇంక దేన్నిరా నువ్వు కరెక్టనేది? చెక్క ముక్కలైతే చాలా?

తమ్ముడు: నిలువు. బ్లేడు పలకకి నిట్టనిలువుగా దిగాలి. పజిల్‌కి పనికొచ్చే కొలత అదొక్కటే మామయ్యా. నా మొదటి పజిల్ అక్కడే పాడైంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, పాపకిచ్చాను. "మావయ్యా, ఇది పైనుంచి పట్టట్లేదు, కిందనుంచే పడుతోంది" అని తెచ్చింది. పలకని ఎత్తి, ముక్కని కిందనుంచి పైకి తోస్తోంది.

మామయ్య: టేబుల్ వంగుంటుంది.

తమ్ముడు: వంగింది. మోటారు అదురుకి మర వదులైంది.

మామయ్య: ఎన్ని డిగ్రీలు?

తమ్ముడు: మూడు పైనే ఉండొచ్చు.

మామయ్య (వేళ్ళు ముడుస్తూ): మందం ఆరు. డిగ్రీకి 0.1 చొప్పున పైకీ కిందకీ తేడా వస్తుంది. మూడు డిగ్రీలకి 0.3. నీ కోత వెడల్పూ 0.3. అంటే సందు మొత్తం ఆ వాలే తినేసింది. ముక్క గరాటు బిరడాలా తయారైంది. ఒకవైపు నుంచే వెళుతుంది, రెండోవైపు నుంచి పెడితే ఇరుక్కుంటుంది. రెండు డిగ్రీలయితే ఎలాగో వెళ్ళేది, నీకు తప్పు తెలిసేదే కాదు. మూడయింది కాబట్టి బయటపడింది.

తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. వాడు మూడు వారాలు తలపట్టుకున్న సంగతి అది. మామయ్య సోఫాలోంచి లేవకుండా తేల్చేశాడు.

మామయ్య: టేబుల్ ఎలా సరిచేశావు? మూలమట్టం పెట్టావా?

తమ్ముడు: పెట్టాను. కానీ బ్లేడు రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ కూడా కాదు, దాని పక్కన మట్టం ఆనిస్తే బ్లేడే వంగుతుంది. అందుకని ఇంకో పద్ధతి. రెండు సెంటీమీటర్ల మందం చెక్కముక్క తీసుకుని ముందునుంచి కొద్దిగా, గాటు పడేంత కోస్తాను. మిషన్ ఆపి, అదే ముక్కని బ్లేడు వెనక్కి తీసుకెళ్ళి, సగం చుట్టు తిప్పి, ఆ గాటులోకి బ్లేడు వెనకంచు దూరుతుందో లేదో చూస్తాను. సాఫీగా దూరితే నిలువున్నట్టు. పైన తగిలి కింద ఖాళీ ఉంటే వంగినట్టు.

మామయ్య (ముందుకు వంగి): ఆఁ. అది రసమట్టాన్ని తిప్పి చూడ్డమే. గోడ మీద పెడతావు, బుడగ మధ్యలో ఉంటుంది. అటుదిటు తిప్పి పెడతావు. బుడగ జరిగితే తప్పు మట్టంలో ఉందన్నమాట. తిప్పితే తప్పు రెట్టింపై కనబడుతుంది. మా గురువుగారు మొదటి నెలంతా ఇదే చేయించారు. ఏ కొలపట్టీ అక్కర్లేదు దానికి. ఎవరు చెప్పారు నీకు?

తమ్ముడు: ఎవరూ చెప్పలేదు... చూసి నేర్చుకున్నాను. టేబుల్ ఒక్కటి సరిపోతే చాలదని తర్వాత తెలిసింది. బ్లేడు బిగువు తక్కువైతే, మలుపుల్లో చెక్కని పక్కకి నెడతాం కదా, బ్లేడు నడుం వంచుతుంది. పైనా కిందా సరిగ్గానే ఉంటుంది, మధ్యలో పొట్ట వస్తుంది. అందుకే బిగించాక వేలితో మీటి చూస్తాను. డబ్బామని మోగితే వదులు. తంబురా తీగలా సన్నగా పలకాలి.

మామయ్య: ఇంకా?

తమ్ముడు: ఇంకోటి, ఈ బ్లేడ్లు తిన్నగా నడవవు. తయారీలో పళ్ళకి ఒకవైపు గరుకంచు మిగిలిపోతుంది, అటువైపు ఎక్కువ కొరుకుతుంది. తిన్నగా తోస్తే కుడికి లాగుతుంది. కాబట్టి చెక్కని కొంచెం వాలుగా పట్టుకుని తోయాలి. మొదట్లో బ్లేడుతో కుస్తీ పట్టాను. ఇప్పుడు దాని వాలు దానిదే అనుకుని, చెక్కనే తిప్పుతాను. మలుపు దగ్గర తోయడం ఆపేసి బ్లేడు చుట్టూ చెక్కని తిప్పాలి. తోస్తూ తిప్పితే మూల గుండ్రమైపోతుంది. మళ్ళీ పైన అడ్డంగా సెల్లోటేపు అంటిస్తే కాగితం చిరగదు, బ్లేడూ వేడెక్కదు.

మామయ్య: ఇంత తెలిసినవాడివి, రెండు పలకలు పేర్చి కోస్తే ఏం పోయింది? ఒకటే కోత, రెండు తెలంగాణలు. ఇవాళ పైదాన్లో హైదరాబాద్ పోతే కిందదాన్లోంచి తీసి పెట్టేవాడివి. అదే నిలువు కోత కాబట్టి సరిగ్గా పట్టేది కూడా. నీ వాదన ప్రకారమే!

తమ్ముడు: ...

(నేనీ చుక్కలు ఊరికే పెట్టలేదు. వాడికి నిజంగా మాట రాలేదు. పేర్చి కోయమని అప్పట్లో నేనూ అన్నాను, స్కూల్లో ఇంకో పిల్లకి ఇవ్వొచ్చని. "ప్రతి పజిలూ ఒక్కటే ఉండాలక్కా" అన్నాడు.)

తమ్ముడు: ఒప్పుకుంటాను. కానీ మామయ్యా, మీరు ఫైలు మార్చి మళ్ళీ కోయడం గురించి చెప్పారు. ఒక సంగతి వినండి. ఈ మ్యాపు నేను మొదట ప్రింటు తీసినప్పుడు అది పాతదని చూసుకోలేదు. 2016 అక్టోబరు 11న పది జిల్లాల్ని 31 చేశారు కదా, అప్పటిది. అంతా కోశాక అక్క చూసి, ములుగేది అంది. ములుగు, నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చాయి. మీ లేజర్ అయితే ఫైలు సరిచేసి, ఇంకో పలక పెట్టి, మొత్తం కోయాలి. నేనేం చేశాను? భూపాలపల్లి ముక్క తీసుకుని దాని మీద పెన్నుతో గీత గీసి, ఒక్క కోత కోశాను. ములుగు వచ్చింది. మహబూబ్‌నగర్‌ని ఇంకో కోత కోశాను. నారాయణపేట వచ్చింది. మిగతా 29 ముక్కలకి చీమ కుట్టలేదు. గవర్నమెంటు చేసిందీ ఇదే కదా?

మామయ్య: గవర్నమెంటు కోతలో పొట్టు రాలదు. ఆఫీసు బోర్డులు రాసేవాళ్ళకి పని దొరుకుతుంది, అంతే. సర్లే, ఇది బాగుంది. ఒకటిని రెండు చెయ్యడానికి నీ రంపం బాగుంది. పోయిన ఒకదాన్ని తిరిగి తేవడానికి?

నా తీర్పు అడిగితే, అసలు ప్రశ్న ఇదే. తమ్ముడి సిద్ధాంతమంతా రెండు ముక్కలూ చేతిలో ఉన్నంతవరకే. ఒక కోతకి రెండంచులన్నాడు బాగానే ఉంది, ఒక అంచు వాషింగ్ మెషీన్ కిందికి పోతే? అప్పుడు మిగిలిన అంచుకి సరిపోయేలా ఇంకో అంచుని విడిగా చేయాలి. ఇంక గీత తప్పితే జోడీ కూడా తప్పుతుంది. మామయ్య జీవితమంతా చేసిన పని అదే, ముందే ఉన్న డైకి పంచ్ చెయ్యడం.

వాషింగ్ మెషీన్ జరిపించాను. దాని కింద రెండు క్లిప్పులు, ఒక రూపాయి బిళ్ళ, దండిగా రంపప్పొట్టు. హైదరాబాద్ లేదు.

మామయ్య చొక్కా చేతులు మడిచాడు. రంగారెడ్డినీ మేడ్చల్-మల్కాజ్‌గిరినీ వాటి చోట్లలో బిగించి, మధ్య ఖాళీ కింద తెల్లకాగితం పెట్టమన్నాడు. పాప పెన్సిల్ బాక్సులోంచి సన్నటి పెన్సిల్ తీసుకుని, ములుకు ఇంకాస్త చెక్కి, ఖాళీ గోడకి ఆనించి చుట్టూ గీశాడు. చెయ్యి కొద్దిగా వణుకుతోంది, అరవై తొమ్మిదేళ్ళు. గీత మాత్రం వణకలేదు. ఆ కాగితాన్ని ప్లైవుడ్ తునక మీద అంటించి బాల్కనీలోకి నడిచాడు. స్టూలు లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాడు. బ్లేడుని వేలితో మీటాడు. ఇంకో పావు చుట్టు బిగించి మళ్ళీ మీటాడు. తర్వాత టేబుల్ కింద మర వదులు చేశాడు.

తమ్ముడు: మామయ్యా! నిలువు చెడిపోతుంది. మూడు గంటలు పట్టింది నాకు దాన్ని సరిచెయ్యడానికి.

మామయ్య: రెండు డిగ్రీలు వంచుతున్నాను. ఖాళీ నిలువుగా ఉంది. ముక్కని కింద సన్నగా, పైన గీతకి సరిగ్గా కోస్తే, పైనుంచి పెట్టినప్పుడు వెళ్ళి బిరడాలా కూర్చుంటుంది. పైన సందు కనబడదు. ఇది ఒక్కటే ముక్క, ఇంక ఏ దిక్కునుంచీ పెట్టే పని లేదు. నీ మొదటి పజిల్‌ని పాడుచేసిన వాలేరా ఇది. ఎటు వంచాలో తెలిస్తే చాలు.

తమ్ముడు: మరి పాప కిందనుంచి పెడితే?

మామయ్య: పెట్టదు. బొమ్మ పైనుంది.

మిషన్ ఆన్ చేశాడు. స్పీడు సగానికి తగ్గించాడు. చెక్క అంగుళం మేర పోయేలోపు ఆయన చెయ్యి ఎడమకి కొద్దిగా వాలింది. బ్లేడు కుడికి లాగుతుందని తమ్ముడు చెప్పిన మాట ఆ చేతికి అప్పటికే ఎక్కేసింది. పాతబస్తీ వైపు మలుపు దగ్గర తోయడం ఆపి, బొటనవేలితో చెక్కని తిప్పాడు. గోరంత ముక్క పొట్టులోకి రాలింది. ఊదాడు.

హాల్లోకి తెచ్చి ఖాళీలో పెట్టి వేలితో నొక్కాడు. సగం దిగి ఆగిపోయింది.

తమ్ముడు: గీత మీద కోశారా, గీత బయటా?

మామయ్య: బయట. పావు మిల్లీమీటరు వదిలాను.

తమ్ముడు: లేజర్ అయితే వదలక్కర్లేదేమో కదా మామయ్యా?

మామయ్య: నోర్మూసుకుని ఆకురాయి అందుకో.